ముక్కు వెంట నెత్తురు – ఒక ఇంటి చరిత్ర, ఒక వ్యాధి చరిత్ర

మా ముత్తుకూరు ప్రాంతంలో ఎవరికి ముక్కు వెంట నెత్తురు వచ్చినా "వేడి చేసింది" అంటారు. వేసవిలో బడిపిల్లవాడికి వచ్చినా అదే మాట, ఉప్పుమళ్ళలో ఎండకు నిలబడి పనిచేసేవాడికి వచ్చినా అదే మాట, నెలలు నిండుతున్న చూలాలికి వచ్చినా అదే మాట. ముప్పై యేండ్లకు పైగా తెలుగు పాఠాలు చెప్పి బ్రతికినవాణ్ణి. ఒక మాట ఎంత పని చేస్తుందో, ఎంత పని చెడగొడుతుందో ఆలోచించడం వృత్తిరీత్యా అంటుకున్న జబ్బు. ఈ టపా ఆ "వేడి" అన్న మాటను గురించి. నేను వైద్యుణ్ణి కాను. చదివినదీ, మా ఇంట్లో జరిగినదీ కలిపి వ్రాస్తున్నాను.

1966లో నాకు ఎనిమిదేండ్లు. మా అక్కయ్యను మా చిన్న మేనమామకే ఇచ్చారు. తొలిచూలు కనుక అయిదో నెలలో పుట్టింటికి తెచ్చుకున్నాం. వచ్చిన వారానికే ఒక మధ్యాహ్నం ముక్కు వెంట నెత్తురు మొదలైంది. మా జేజి ఆమె తలను తన ఒళ్ళో వెల్లకిల పెట్టుకుని, నడినెత్తిన చన్నీళ్ళు పోసి, ఉల్లిపాయ చితగ్గొట్టి వాసన చూపించింది. గరిక దంచి రసం ముక్కులో పిండింది. వెల్లకిల పడుకున్నందువల్ల నెత్తురు గొంతులోకి దిగి, కాసేపటికి గడ్డలు గడ్డలుగా వాంతి అయింది. "పైత్యం పైకి పోతా ఉండాదిలే, మంచిదే" అన్నది జేజి. చెంబు పట్టుకుని నిలబడ్డవాణ్ణి నేనే. తరువాత రెండు నెలలు వారానికొకసారైనా ఆ చెంబు నా చేతికి వచ్చేది.

చిత్రమేమంటే, ఎనిమిదో నెల వచ్చేసరికి ఆ నెత్తురు దానంతట అదే ఆగిపోయింది. వేడి తగ్గిందన్నారు. కాన్పు సుఖంగా జరిగింది, ఆడపిల్ల. పురిటిస్నానం అయింది, ఉయ్యాల కట్టారు. పదునాలుగవ నాటి సాయంత్రం అక్కయ్యకు రక్తస్రావం మొదలైంది. నెల్లూరికి చేర్చారుగాని తెల్లవారకముందే పోయింది. మా నాన్నగారు జననమరణాలు వ్రాసుకునే ఖాతాపుస్తకంలో ఆమె పేరుకు ఎదురుగా "బాలింత జ్వరం" అని వ్రాశారు. ఆమెకు జ్వరం లేదు. నాకు గుర్తుంది, చేతులు చల్లగా ఉన్నాయి.

ఇక చరిత్రలోకి వస్తాను.

ముక్కు వెంట నెత్తురును మన ప్రాచీన వైద్యులు రక్తపిత్తమనే వ్యాధిలో చేర్చారు. చరకసంహితలో నిదానస్థానం రెండవ అధ్యాయమూ, చికిత్సాస్థానం నాల్గవ అధ్యాయమూ దీనికే కేటాయించారు. పిత్తం ప్రకోపించి రక్తాన్ని చెడగొడుతుందనీ, అది తలలోని ఏడు ద్వారాల గుండా పైకి గాని, క్రింది రెండు ద్వారాల గుండా గాని వెలువడుతుందనీ వారి సిద్ధాంతం. పైకి వెలువడేది సాధ్యం, క్రిందికి వెలువడేది యాప్యం (అనగా లొంగదు, నెట్టుకు రావలసినదే), రెండు వైపులా వెలువడితే అసాధ్యం. మా జేజి అక్షరం ముక్క రాని మనిషి. అయినా ఆమె అన్న "పైత్యం" ఈ గ్రంథంలోనిదే! గరిక రసమూ, దానిమ్మ పూల రసమూ ముక్కులో వేయడం కూడా అందులో ఉన్నదే. శాస్త్రం చదివినవాళ్ళ ద్వారా కాక వంటిళ్ళ ద్వారా రెండువేల యేండ్లు ప్రయాణించి మా పంచలోకి వచ్చింది.

అయితే వంటిళ్ళ గుండా వచ్చేటప్పుడు కొన్ని జారిపోయాయి. ఊర్ధ్వరక్తపిత్తానికి విరేచనం చెప్పిన ఆ అధ్యాయమే, దానిని చేయించకూడనివారి జాబితాలో గర్భిణిని పేరు పెట్టి చెప్పింది. ముసలివారితో, పసివారితో సమానంగా ఆమెకు శమన చికిత్స మాత్రమే చేయాలన్నది. శారీరస్థానంలో గర్భిణిని ఎలా చూసుకోవాలో చెప్పేచోట, అంచుదాకా నూనె నిండిన పాత్రను తొణకకుండా మోసేవాడితో పోల్చారు. ఆ పోలిక నాకు చాలా ఇష్టం. అంటే గర్భంతో ఉండగా ముక్కు వెంట నెత్తురు రావడమన్నది వారి దృష్టిలో పడింది, అది వేరుగా చూడవలసిన సంగతి అని వారికి తోచింది. వారికి తట్టనిది ఒకటే: అది ఇంటిపేరులా తరతరాలకూ దిగి రావచ్చునన్నది. వంశపారంపర్య వ్యాధులు వారికి తెలియక కాదు. సుశ్రుతుడు ఆదిబలప్రవృత్తాలని ఒక తరగతే చేసి, తల్లిదండ్రుల శుక్రశోణితాల దోషంవల్ల వచ్చే కుష్ఠు, మొలల వంటివి అందులో చేర్చాడు. రక్తపిత్తానికి మాత్రం కారణాలు పులుపు, ఉప్పు, కారం, ఎండ. మా కోస్తాలో ఈ నాలుగూ లేని రోజేదీ?

వంశం అన్నాం కనుక మేనరికం మాట చెప్పక తప్పదు. బౌధాయన ధర్మసూత్రం దక్షిణాదివారికి ప్రత్యేకమైన ఆచారాలు అయిదింటిని లెక్కపెడుతూ మేనమామ కూతురినీ, మేనత్త కూతురినీ పెండ్లాడడాన్ని వాటిలో చేర్చింది. అంటే క్రీస్తుకు పూర్వమే ఇది ఉత్తరాదివారి కంటికి వింతగా కనబడుతూ వచ్చిన సంగతి. మా నెల్లూరు సీమలో అక్క కూతురిని చేసుకోవడం కూడా నిన్నమొన్నటిదాకా హక్కులాంటిది. ఆధునిక జన్యుశాస్త్రం దీనికి లెక్క కట్టింది. మేనమామ–మేనకోడళ్ళ బిడ్డకు ఒకానొక జన్యువు రెండు ప్రతులూ ఒకే పూర్వికుడి నుండి వచ్చే అవకాశం ఎనిమిదింట ఒకటి, మేనబావ–మరదళ్ళ బిడ్డకు పదహారింట ఒకటి. చెడ్డ ప్రతి ఒకటే ఉంటే దాగి ఉండే జబ్బులు, రెండూ కలిసినప్పుడు బయటపడతాయి.

నెత్తురు ఆగని జబ్బు అనగానే అందరికీ హీమోఫీలియా గుర్తుకు వస్తుంది, విక్టోరియా రాణి గుర్తుకు వస్తుంది. ఆ జబ్బు చరిత్ర చాలా పాతది. రెండవ శతాబ్దినాటి యూదు ధర్మవేత్తలు, సున్తీ చేసినప్పుడు ఇద్దరు కొడుకులు నెత్తురు కారి చనిపోతే మూడవవాడికి చేయనక్కరలేదని తీర్పు చెప్పారు. అక్కచెల్లెళ్ళ బిడ్డలలో ఈ చావులు వరుసగా జరిగితే అదీ లెక్కలోకి తీసుకున్నారు, అంటే తల్లివైపు నుంచి వస్తుందని గ్రహించారన్నమాట. 1803లో ఫిలడెల్ఫియాలో జాన్ కాన్రాడ్ ఆటో అనే వైద్యుడు ఒక కుటుంబం కథ వ్రాసి, నెత్తురు కారేది మగవారికి, దానిని మోసేది ఆడవారు అని సూత్రీకరించాడు. హీమోఫీలియా విషయంలో అది చాలావరకు నిజమే. కాని ఆ సూత్రం ఎంత గట్టిగా నాటుకుందంటే, ఆడవారికి నెత్తురు ఆగకపోతే అది మరేదో అని ప్రపంచమంతా అనుకుంది. ఆడవారికి నెలనెలా నెత్తురు, కాన్పులో నెత్తురు. అందులో ఎక్కువతక్కువలు ఎవరు కొలిచారు?

కొలిచినవాడు ఒకడున్నాడు. స్వీడనుకూ ఫిన్లాండుకూ నడుమ బాల్టిక్ సముద్రంలో ఆలాండ్ అనే ద్వీపసమూహం ఉంది. అందులో ఫోగ్లో అనే చోటినుంచి 1924లో ఒక అయిదేండ్ల పిల్లను హెల్సింకీలోని ఆసుపత్రికి తెచ్చారు. పేరు యోర్డిస్. మూడేండ్లప్పుడు పెదవి తెగితే మూడు రోజులు నెత్తురు ఆగలేదు. అక్కచెల్లెళ్ళలో కొందరు అప్పటికే పసితనంలో నెత్తురు కారి పోయారు. ఎరిక్ ఫాన్ విల్లెబ్రాండ్ (1870–1949) అనే వైద్యుడు ఆమెను చూసి, ఆమెతో ఆగక ఆ వంశం మొత్తాన్ని పరిశీలించాడు. 66 మందిలో 23 మందికి ఈ గుణం ఉన్నదని తేలింది, వారిలో ఎక్కువమంది స్త్రీలు. తండ్రివైపూ ఉంది, తల్లివైపూ ఉంది. ప్లేట్‌లెట్ల లెక్క మామూలుగానే ఉంది, కాని గాయం నుండి నెత్తురు ఆగే కాలం చాలా ఎక్కువ. ఇది హీమోఫీలియా కాదని నిశ్చయించి 1926లో స్వీడిష్ భాషలో వ్యాసం వ్రాశాడు. ఈనాడు ఆయన పేరుతోనే ఆ వ్యాధిని పిలుస్తున్నారు. వంశపారంపర్య రక్తస్రావ వ్యాధులన్నింటిలోకీ ఎక్కువగా కనిపించేది ఇదే. ముక్కు వెంట నెత్తురు దీని ముఖ్య లక్షణాలలో ఒకటి.

యోర్డిస్ పదమూడేండ్లకు, నాల్గవసారి బహిష్టు అయినప్పుడు, నెత్తురు ఆగక చనిపోయింది. ఆ వాక్యం చదివిన రాత్రి నాకు నిద్ర పట్టలేదు.

ఆమెకు లేనిదేమిటో తెలియడానికి మరో ముప్పై యేండ్లు పట్టింది. 1950లలో స్వీడన్‌లో ఇంగా మారీ నిల్సన్, బ్లోంబ్యాక్ దంపతులు ఆలాండ్ రోగులకు ఆరోగ్యవంతుల రక్తరసంలోని ఒక అంశాన్ని ఎక్కించి చూస్తే నెత్తురు ఆగింది. లోపం ప్లేట్‌లెట్లలో లేదు, రక్తరసంలోని ఒక మాంసకృత్తులో ఉంది. గాయపడినచోట ప్లేట్‌లెట్లను గోడకు అంటించే జిగురు వంటిది అది. ఎనిమిదవ ఫ్యాక్టరును మోసుకు తిరిగేదీ అదే. దాని జన్యువును 1985లో గుర్తించారు.

ఈ దీవుల కథ మనకెందుకంటారా? నూరు మైళ్ళ దూరంలో ఉన్న కథ చెబుతాను. 1918లో స్విట్జర్లాండులో గ్లాంజ్‌మన్ అనే పిల్లల వైద్యుడు మరొక జబ్బును వర్ణించాడు. ఇందులో ప్లేట్‌లెట్లు సరిపడా ఉంటాయి కాని ఒకదానినొకటి పట్టుకోవు. తల్లినుంచీ తండ్రినుంచీ రెండు వైపులా లోపం వస్తేనే పుట్టే జబ్బు. ప్రపంచంలో చాలా అరుదు. దగ్గరి పెండ్లిళ్ళు ఉన్నచోట మాత్రం అంత అరుదు కాదు. 1981లో వెల్లూరు క్రైస్తవ వైద్య కళాశాల వైద్యులు ఒక్క దక్షిణ భారతదేశానికి చెందిన 42 మంది రోగుల వివరాలను ప్రచురించారు. ఇది ఆనాటికి చిన్న సంఖ్య కాదు. వెల్లూరంటే మా జిల్లావాళ్ళకు పరాయి ఊరు కాదు, గట్టి జబ్బు చేస్తే "ఎల్లూరు తీసకపోండి" అనే మాట ఇప్పటికీ వింటాం. ఆ వైద్యసంస్థ పుట్టుకకు మూలం కూడా కాన్పుల మరణాలే. పంతొమ్మిదవ శతాబ్ది చివర తిండివనంలో ఒకే రాత్రి ముగ్గురు మగవాళ్ళు వచ్చి, ప్రసవవేదన పడుతున్న తమ భార్యలను చూడమని ఇడా స్కడర్ అనే యువతిని వేడుకున్నారు. ఆమె వైద్యురాలు కాదు. వైద్యుడైన ఆమె తండ్రిని, మగవాడు గనుక, వాళ్ళు ఒప్పుకోలేదు. ముగ్గురు స్త్రీలూ చనిపోయారు. ఆమె వైద్యం చదివి వచ్చి 1900లో ఒక్క మంచంతో మొదలుపెట్టింది. 1918లో స్త్రీలకోసం వైద్య పాఠశాల తెరిచింది. గ్లాంజ్‌మన్ వ్యాసం వచ్చినదీ ఆ సంవత్సరమే. కాకతాళీయమే, అయినా గుర్తు పెట్టుకోవడానికి వీలుగా ఉంది.

మా ఇంటి కథకు తిరిగి వస్తాను. 2014లో ఒక సాయంత్రం అక్కయ్య కూతురి కూతురు చెన్నై నుంచి ఫోను చేసింది. మూడవ నెల. ముక్కు వెంట నెత్తురు వస్తున్నదట. మూడేండ్ల క్రితం పన్ను తీయించుకుంటే రెండు రోజులు ఆగలేదట. "తాతయ్యా, మనింట్లో ఎవరికైనా నెత్తురు ఆగకపోవడం ఉందా? డాక్టరమ్మ అడుగుతా ఉంది" అన్నది.

"మగవాళ్ళకెవరికీ లేదమ్మా" అన్నాను.

"నేనడిగేది ఆడవాళ్ళ సంగతి."

ఆ క్షణాన గాని నాకు చెంబు గుర్తుకు రాలేదు. ఖాతాపుస్తకం తీసి కూర్చున్నాను. అక్కయ్య. ఆడపిల్లగా ఉన్నప్పుడు తనకూ ముక్కు నెత్తురు ఉండేదని చెప్పిన మా అమ్మ. మూడవ కాన్పు తరువాత నెల రోజులు మంచం దిగని మా అమ్మమ్మ. నెలసరి నెత్తురు విపరీతమై ముప్పై ఎనిమిదేండ్లకే గర్భసంచి తీయించుకున్న నా మేనకోడలు, అనగా ఈ పిల్ల తల్లి. మేనరికాల ఇల్లు గనుక తల్లివైపు, తండ్రివైపు అని రెండు చరిత్రలు లేవు మాకు. ఉన్నదంతా ఒకే పుస్తకంలో ఉంది. నాలుగు తరాలు, ఒకే వరుసలో. పద్యంలో యతి తప్పితే గుర్తుపట్టే నేను, దీనిని యాభై యేండ్లు చదవలేదు.

పరీక్షలో విల్లెబ్రాండ్ అంశం తక్కువని తేలింది. మొదటి రకం, ఒకవైపు నుంచి వచ్చినా చాలేది. కావున మేనరికమే దీనికి కారణమని నేను అనను, అది అబద్ధమవుతుంది. మూడవ రకం, గ్లాంజ్‌మన్ జబ్బు వంటి తీవ్రమైనవాటికి మాత్రం దగ్గరి పెండ్లి దారి చూపుతుంది.

ఆ డాక్టరమ్మ మూడవ నెలలోనే పరీక్ష చేయించడంలో ఒక కిటుకు ఉంది. గర్భం పెరిగేకొద్దీ, మొదటి రకంలో, ఈ అంశం రక్తంలో తనంతట తానే పెరుగుతుంది. చివరి నెలల్లో చూస్తే చాలామందికి మామూలుగా కనిపించి జబ్బే లేదనిపిస్తుంది. కాన్పు అయ్యాక రెండు మూడు వారాల్లో మళ్ళీ పాత మట్టానికి పడిపోతుంది. అసలు ప్రమాదం అప్పుడు. ఇది ఆమె ఫోనులో వివరిస్తుంటే నేను మధ్యలో ఆపి, "పదునాలుగవ నాడు కావచ్చునా అమ్మా?" అని అడిగాను. "కావచ్చు సార్" అన్నది. ఎనిమిదో నెలలో ఆగిన అక్కయ్య ముక్కు నెత్తురు ఎందుకు ఆగిందో, సుఖంగా అయిన కాన్పు తరువాత రెండు వారాలకు ఏమి జరిగి ఉంటుందో ఆ రెండు మాటల్లో నాకు అర్థమైంది. అక్కయ్యకు పరీక్ష చేసినవారు లేరు, కనుక ఇది ఊహే.

ముక్కు సంగతి. గర్భంతో ఉన్నప్పుడు ముక్కులోని పొరకు నెత్తురు ఎక్కువగా చేరి ఉబ్బుతుంది. ఏ జబ్బూ లేని గర్భిణులలో కూడా సుమారు అయిదుగురిలో ఒకరికి ముక్కు నెత్తురు రావచ్చునని 2009నాటి అమెరికా అధ్యయనం ఒకటి చెబుతున్నది. కనుక వచ్చిన ప్రతివారూ బెదరనక్కరలేదు. పదిహేను ఇరవై నిమిషాలు నొక్కినా ఆగకపోవడం, పదేపదే రావడం, దానితోపాటు పన్ను, నెలసరి, పాత కాన్పు, తల్లి, అమ్మమ్మ – ఈ కథ ఉంటేనే అనుమానించాలి. ఆపే పద్ధతి మా జేజి చేసినదానికి సరిగ్గా తలక్రిందులు. కూర్చోబెట్టి, తల కాస్త ముందుకు వంచి, ముక్కు క్రింది మెత్తని భాగాన్ని రెండు వేళ్ళతో గట్టిగా పట్టి, నోటితో గాలి పీలుస్తూ, గడియారం చూసి పది పదిహేను నిమిషాలు వదలకుండా ఉండాలి. నోట్లోకి వచ్చినది మింగకుండా ఉమ్మాలి. ఎక్కువ భాగం నెత్తురు వచ్చేది ముక్కు నడిమి గోడ ముందు భాగంలోని సన్నని నాళాల గుంపునుంచి. కీసెల్‌బాఖ్ 1884లో వర్ణించిన చోటు అది, వేళ్ళకు అందేచోటే ఉంది. ఆమెకు డాక్టరమ్మ ముక్కు తడిగా ఉంచుకోవడానికి ఉప్పునీటి చుక్కలు ఇచ్చింది, ఆస్పిరిన్ జాతి మాత్రలు డాక్టరును అడగకుండా ముట్టవద్దన్నది, రక్తహీనత రాకుండా ఇనుము మాత్రలు ఇచ్చింది. ఆగకపోతే ట్రానెక్సామిక్ ఆమ్లంలో తడిపిన గుడ్డ ముక్కులో పెడతారట. అవసరమైతే విల్లెబ్రాండ్ అంశాన్నే సూదితో ఎక్కిస్తారు. దాని వ్యాధి రకాన్ని బట్టి ఒకరికి మందైనది మరొకరికి కీడు కావచ్చు గనుక సొంత వైద్యం పనికిరాదు. గ్లాంజ్‌మన్ జబ్బులోనైతే గర్భం ఏ మేలూ చేయదు. ఎక్కించిన ప్లేట్‌లెట్ల మీద తల్లి ఒంట్లో పుట్టిన విరోధి పదార్థాలు బిడ్డకు కూడా చేరవచ్చు. అందుకని ఎన్ని ఎక్కించాలన్నదీ తూచి చేస్తారు.

ట్రానెక్సామిక్ ఆమ్లం వెనుక ఉన్న మనిషిని చెప్పకుండా ముందుకు పోలేను. జపానులో ఒకమోతో ఉతాకో అనే శాస్త్రవేత్త, ఈమె పుట్టినది కూడా 1918లోనే! యుద్ధం తరువాతి దరిద్రంలో, బిడ్డను వీపున కట్టుకుని ప్రయోగశాలలో పనిచేస్తూ, కాన్పు తరువాతి రక్తస్రావాన్ని ఆపే మందు కావాలని భర్తతో కలిసి వెదికింది. 1962లో ఈ మందును ప్రకటించారు. పన్ను పీకేవారు, శస్త్రవైద్యులు వాడుకున్నారుగాని, కాన్పుల వైద్యులు దానిని పరీక్షించడానికి ముందుకు రాలేదు. చివరికి 20,060 మంది బాలింతల మీద జరిగిన అంతర్జాతీయ పరీక్ష ఫలితాలు 2017లో వచ్చాయి. త్వరగా ఇస్తే రక్తస్రావపు మరణాలు తగ్గుతాయని తేలింది. ఆమె 2016లోనే కన్నుమూసింది. మా అక్కయ్య పోయింది ఆ మందు పుట్టిన నాలుగేండ్లకు.

మా మనుమరాలికి కాన్పు తేదీకి ముందే అంశం స్థాయి చూశారు, 50 యూనిట్లు దాటి ఉంది. కాన్పు అయ్యాక ఇంటికి పంపుతూ ట్రానెక్సామిక్ మాత్రలిచ్చి, పదవ రోజున, ఇరవయ్యవ రోజున రమ్మన్నారు. పదునాలుగవ నాటి రాత్రి నేను వాళ్ళింట్లోనే ఉన్నాను. ఎందుకు వచ్చానో ఆమెకు తెలుసు, అడగలేదు. పన్నెండు గంటలకు బిడ్డకు పాలు పట్టి, "పడుకో తాతయ్యా, బాగానే ఉండాను" అన్నది.

ఒక సంగతి మాత్రం మనసులో ముల్లులా ఉంది. 2016నాటి దివ్యాంగుల హక్కుల చట్టం హీమోఫీలియాను గుర్తించింది. చాలా మంచి పని. కాని దాని నిర్వచనంలో అది సాధారణంగా మగవారికే వచ్చేదనీ, స్త్రీల ద్వారా మగబిడ్డలకు సంక్రమించేదనీ వ్రాశారు. 1803లో ఆటో వ్రాసిన వాక్యమే! విల్లెబ్రాండ్ వ్యాసం వెలువడి తొంభై యేండ్లు గడిచాక కూడా, చట్టంలో స్త్రీ మోసేదే గాని నెత్తురు కారేది కాదు. మా ఖాతాపుస్తకంలోని నలుగురూ ఆ నిర్వచనంలో ఎక్కడా పట్టరు.

ఇప్పుడు ఆ పుస్తకం నా దగ్గరే ఉంది. మొన్న మా తమ్ముడి మనుమడికి మేనరికం సంబంధం మాటలాడుకుంటూ పెద్దలు వచ్చినప్పుడు జాతకాలతోబాటు దానినీ ముందు పెట్టాను. కొందరు ముఖం ముడుచుకున్నారు. పిల్ల తల్లి మాత్రం పుట తిప్పి, తనకు కాన్పులో ఏమి జరిగిందో మెల్లగా చెప్పడం మొదలుపెట్టింది. అక్కయ్య పేరుకు ఎదురుగా నాన్నగారు వ్రాసిన "బాలింత జ్వరం" అలాగే ఉంచాను, ఆయన దస్తూరి కొట్టివేయడానికి చేయి రాలేదు. పక్కన పెన్సిలుతో "14వ రోజు" అని వ్రాశాను.